కెన్యా, టాంజానియా సఫారీలో నగదు, బక్షీసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కెన్యాలోని మాసాయి మారాకో టాంజానియాలోని సెరెంగెటికో బయలుదేరే తెలుగు కుటుంబాలు సింహాల గురించి అడిగేదానికంటే డబ్బు గురించి అడిగేదే ఎక్కువ. ఎంత పట్టుకెళ్లాలి, ఏ నోట్లు చెల్లుతాయి, ఎవరి చేతిలో ఎంత పెట్టాలి అన్న సందేహాలకు కెన్యా, టాంజానియా దేశాలను మాత్రమే దృష్టిలో ఉంచుకుని ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మారకపు రేట్లు రోజూ మారుతుంటాయి కాబట్టి, లెక్క అవసరమైన చోట ఒక డాలరుకు సుమారు 130 కెన్యా షిల్లింగులు, సుమారు 2,500 టాంజానియా షిల్లింగులు అని వేసుకున్నాను. బయలుదేరే వారంలో అసలు రేటు ఒకసారి చూసుకోండి.

అన్నీ ముందే కట్టేశాం కదా, ఇంకా నగదు ఎందుకు?

సఫారీ ప్యాకేజీలో సాధారణంగా బస, భోజనం, వాహనం, డ్రైవరు, పార్కు ప్రవేశ రుసుము కలిసే ఉంటాయి. రుసుము కలిసి ఉందో లేదో మాత్రం కాగితం మీద చూసుకోవాలి, ఎందుకంటే అది చిన్న మొత్తం కాదు. మాసాయి మారాలో 2024 నుంచి విదేశీ పెద్దలకు జనవరి–జూన్ నెలల్లో రోజుకు 100 డాలర్లు, జులై–డిసెంబరు నెలల్లో 200 డాలర్లు వసూలు చేస్తున్నారు. ఈ రుసుమును గేటు దగ్గర నగదుగా కడదామనుకోవద్దు. కెన్యా వన్యప్రాణి సంస్థ చేతిలో ఉన్న పార్కులకు ఆన్‌లైన్‌లో ఈ-సిటిజన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా చెల్లించాలి, టాంజానియా జాతీయ పార్కుల గేట్ల దగ్గర కూడా నగదు తీసుకోరు.

ఇక నగదు అవసరమయ్యేవి బక్షీసులు, ప్యాకేజీలో లేని శీతల పానీయాలు, దారిలో టీ, మాసాయి తెగవాళ్ల గ్రామ సందర్శన, పూసల దండలు, చెక్క బొమ్మలు. వీటిలో పెద్ద ఖర్చు బక్షీసులదే. దాన్ని చివరి రోజు పర్సులో మిగిలిన దానితో సర్దే ఖర్చుగా కాకుండా, టికెట్టుతో పాటు ముందే లెక్కలో వేసుకోవాల్సిన ఖర్చుగా చూడాలి.

బక్షీసు ఇవ్వడం తప్పనిసరా?

చట్టం ప్రకారం కాదు. ఇవ్వకపోతే ఎవరూ నిలదీయరు, ముఖం కూడా ముడుచుకోరు. కానీ అక్కడి గైడ్లు, వంటవాళ్లు, సామాన్లు మోసేవాళ్లు, రాత్రి కాపలావాళ్ల సంపాదనలో బక్షీసుది పెద్ద భాగం. పైగా వాళ్ల పని ఋతువును బట్టి నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు కురిసేటప్పుడు పర్యాటకులు తగ్గిపోతారు, కొన్ని క్యాంపులు మూసేస్తారు. జులై నుంచి అక్టోబరు దాకా వచ్చినదాన్ని పొదుపు చేసుకుని ఆ వాన నెలలు గడపాల్సిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఒక చిన్న పక్కమాట. స్వాహిలీలో ఈ కానుకను ‘బక్షీషీ’ అంటారు, అంటే మన బక్షీసే. డబ్బును ‘పెసా’ అంటారు, అది మన పైసాయే. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు దారి వేయడానికి ముప్పై వేలకు పైగా భారతీయ కూలీలు వెళ్లిన రోజుల్లో అక్కడ చెలామణీలో ఉన్నది రూపాయే, 1920 దాకా అదే సాగింది. కాబట్టి ఈ విషయంలో మనం పూర్తిగా పరాయివాళ్లం కాము.

డాలర్లు తీసుకెళ్లాలా, షిల్లింగులు తీసుకెళ్లాలా?

రెండూ ఉండాలి. ఇక్కడి నుంచి డాలర్లతో బయలుదేరి, కెన్యాలో నైరోబీలోనో టాంజానియాలో అరుషాలోనో కొంత మొత్తాన్ని షిల్లింగులుగా మార్చుకోవడం మంచిది. హైదరాబాదులోనో విజయవాడలోనో షిల్లింగుల కోసం వెతికి లాభం లేదు, దొరికినా రేటు గిట్టుబాటు కాదు. భారత రూపాయలను నమ్ముకుని మాత్రం వెళ్లకండి.

డాలరు నోట్లలో 20, 50, 100 గైడుకు ఇవ్వడానికి బాగుంటాయి. ఒక డాలరు నోట్లు కట్టలు కట్టలుగా తీసుకెళ్లమని అమెరికాలో ఉన్న మన బంధువులు సలహా ఇస్తుంటారు, దాన్ని పూర్తిగా పాటించవద్దు. అక్కడి మారక దుకాణాల్లో 1, 5 డాలర్ల నోట్లకు పెద్ద నోట్లకంటే తక్కువ రేటు ఇస్తారు, అంటే మీరు ఇచ్చిన ఒక డాలరు సామాను మోసిన మనిషి చేతిలో ఒక డాలరుగా నిలవదు. విదేశీ నాణేలనైతే అసలే మార్చరు. సామాన్లు మోసేవాళ్లకు, భోజనం దగ్గర వడ్డించేవాళ్లకు, చిన్నచిన్న పనులకు షిల్లింగులే ఇవ్వాలి.

టాంజానియా విషయంలో మరొకటి గుర్తుంచుకోవాలి. దేశంలోపల జరిగే అమ్మకాలకు విదేశీ కరెన్సీలో ధర చెప్పడాన్ని, చెల్లించడాన్ని నిషేధిస్తూ అక్కడి ప్రభుత్వం 2025 మార్చిలో నిబంధనలు తెచ్చింది. కాబట్టి దుకాణాలకూ భోజనాలకూ అక్కడ షిల్లింగులే వాడండి. అక్కడి పెద్ద నోటు 10,000 షిల్లింగులు, అంటే నాలుగు డాలర్లే. కాబట్టి లావాటి కట్ట చేతికొస్తే బెంబేలు పడనక్కర్లేదు. కెన్యాలో పెద్ద నోటు 1,000 షిల్లింగులు. 2019లో కొత్త నోట్లు వచ్చాక ఆ ఏడాది సెప్టెంబరు 30తో పాత వెయ్యి నోటు చెల్లకుండా పోయింది. ఎప్పుడో వెళ్లొచ్చిన స్నేహితులు మిగిలిపోయిన వెయ్యి నోట్లు ఇస్తే అవి కొత్తవో కావో చూసి తీసుకోండి.

డాలరు నోట్లు పాతవైనా చెల్లవా?

ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. తూర్పు ఆఫ్రికాలో పాత ముద్రణ డాలర్లను దొంగనోట్ల భయంతో తీసుకోరు. 2009కి ముందువైతే వద్దనే చోట్లు చాలా ఉన్నాయి. వంద డాలర్ల నోటైతే 2013లో వచ్చిన, మధ్యలో నీలిరంగు పట్టీ ఉన్నదే నిశ్చింత. నోటు మీద సంవత్సరం చిన్న అక్షరాలతో ముద్రించి ఉంటుంది. కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కో నోటు మీద దాన్ని చూసుకోవడానికి సిగ్గుపడకండి.

సంవత్సరం ఒక్కటే చాలదు, నోటు శుభ్రంగా ఉండాలి. అంచు చిరిగినా, సిరా మరక పడినా, ముద్ర వేసినా, పెన్నుతో గీసినా వెనక్కి నెట్టేస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇక్కడ డాలర్లు ఇచ్చిన గుమాస్తా, కట్ట లెక్కపెట్టి అలవాటు కొద్దీ పై నోటు మూలన నీలం బాల్‌పెన్‌తో ‘10’ అని రాశాడు. మన బ్యాంకుల్లో అది చూసి చూసి నాకు తప్పుగా అనిపించలేదు. నైరోబీలో అద్దం వెనక కూర్చున్న అమ్మాయి తొమ్మిది నోట్లు తీసుకుని, పదోదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని దీపం కింద తిప్పి, ఆ అంకె మీద గోరు పెట్టి చూపించి, ఏమీ మాట్లాడకుండా అద్దం కిందనుంచి నా వైపు జరిపింది. ఆ వంద డాలర్ల నోటు అడవంతా తిరిగి నాతోపాటే హైదరాబాదుకు వచ్చింది.

భారతదేశం నుంచి ఎంత నగదు తీసుకెళ్లవచ్చు?

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కెన్యా, టాంజానియా లాంటి దేశాలకు వెళ్లేవాళ్లు ఒక్కో ప్రయాణానికి ఒక్కొక్కరు 3,000 డాలర్ల వరకు విదేశీ నోట్ల రూపంలో తీసుకెళ్లవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవచ్చు. భారత రూపాయలు 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు. ఇల్లు చేరాక ఆటోకో టాక్సీకో పనికొస్తాయి. డాలర్లను అనుమతి ఉన్న మారకందారు దగ్గరే కొని, రసీదు దాచుకోండి.

ఏటీఎంలు, కార్డులు ఉండగా నోట్లు మోయడం అవసరమా?

నైరోబీ, అరుషా లాంటి నగరాల్లో ఏటీఎంలకు కొదవ లేదు. వీసా, మాస్టర్‌కార్డు బాగా పనిచేస్తాయి, ఒక్క రూపే కార్డునే నమ్ముకుని వెళ్లకూడదు. మారా వైపు వెళ్లేవాళ్లకు నరోక్, గోరొంగోరో వైపు వెళ్లేవాళ్లకు కరాటు దారిలో తగిలే చివరి పెద్ద ఊళ్లు. అవి దాటాక అడవిలో యంత్రం ఉంటుందనుకోవద్దు. తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు ఒక రుసుము, మన బ్యాంకు మరో రుసుము వేస్తాయి కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీయడం కంటే ఒకేసారి తీయడం నయం. ‘రూపాయల్లో లెక్క చూపించమంటారా’ అని యంత్రం అడిగితే వద్దని నొక్కి, స్థానిక కరెన్సీలోనే తీసుకోండి, ఆ ప్రశ్నకు సరేనంటే రేటులో నష్టపోతారు.

లాడ్జిలో బిల్లుకు కార్డు తీసుకుంటారు గాని, కొన్ని చోట్ల పైన రుసుము వేస్తారు, సిగ్నలు లేని రోజున యంత్రం మొరాయిస్తుంది. కార్డు బిల్లులో బక్షీసు కలపడం మాత్రం మంచి పద్ధతి కాదు, అది సిబ్బంది చేతికి ఎప్పుడు చేరుతుందో మీకు తెలియదు.

మన ఫోన్‌పే లాంటిది అక్కడ ఏదైనా ఉందా?

మనకంటే ముందే ఉంది. కెన్యాలో సఫారీకామ్ సంస్థ 2007లో ఎం-పెసా మొదలుపెట్టింది. దానికి స్మార్ట్‌ఫోను, బ్యాంకు ఖాతా కూడా అవసరం లేదు, వీధి చివర ఏజెంటు దగ్గర నగదు ఇచ్చి ఖాతాలో వేయించుకుంటారు. మీరు కూడా పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుంటే వాడుకోవచ్చు. పది రోజులకు మించి ఉండేవాళ్లకు ఆ శ్రమ పెట్టుకోవడంలో అర్థం ఉంది, నాలుగు రోజుల వాళ్లకు అక్కర్లేదు. గైడుకు బక్షీసు కూడా దాని ద్వారా పంపవచ్చు, చాలామంది సంతోషంగా తీసుకుంటారు.

డ్రైవరు-గైడుకు ఎంత ఇవ్వాలి?

తూర్పు ఆఫ్రికాలో బండి నడిపేవాడూ జంతువులను చూపించేవాడూ సాధారణంగా ఒక్కడే. తెల్లవారుజామున ఆరింటికల్లా బండి తుడిచి సిద్ధంగా ఉండేదీ, కిలోమీటరు దూరంలో గడ్డిలో కదిలిన చెవిని బట్టి చిరుతపులిని కనిపెట్టేదీ, టైరు గుంతలో దిగబడితే మోకాళ్ల దాకా బురదలో దిగేదీ అతనే. అందరితో కలిసి వెళ్లే బండిలో ఒక్కొక్కరు రోజుకు 10 నుంచి 15 డాలర్లు ఇవ్వడం పరిపాటి. సొంతంగా బండి మాట్లాడుకున్న కుటుంబమైతే మనిషి లెక్క కాకుండా బండి లెక్కన ఆలోచించడం సులువు. నలుగురున్న కుటుంబం రోజుకు 40 డాలర్లు ఇస్తే అది మర్యాదైన మొత్తం, ఇద్దరే అయితే 25 నుంచి 30. ఖరీదైన క్యాంపుల్లో ఇంతకంటే ఎక్కువ ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లతో పోటీ పడనక్కర్లేదు.

పిల్లల్ని లెక్కలోకి తీసుకోవాలా అని అడుగుతుంటారు. ఒళ్లో కూర్చునే పిల్లవాడికి వద్దు. కానీ గంటకోసారి బండి ఆపించే పదేళ్ల పిల్లలు ఇద్దరుంటే గైడు పని తగ్గదు, పెరుగుతుంది. అది మీకే తెలుస్తుంది.

లాడ్జిలో పనిచేసేవాళ్లందరికీ విడివిడిగా ఇవ్వాలా?

అక్కర్లేదు. చాలా లాడ్జిల్లో రిసెప్షన్ బల్ల మీద తాళం వేసిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. అందులో వేసినది తోటమాలి నుంచి గిన్నెలు కడిగేవాళ్ల దాకా, మీ కంటికి కనిపించని వాళ్లతో సహా అందరూ పంచుకుంటారు. మనిషికి రాత్రికి 5 డాలర్ల చొప్పున లెక్క కట్టి, వెళ్లే రోజు ఉదయం ఒకేసారి వేయండి.

పెట్టెలో వేశాక కూడా ఇద్దరి విషయంలో నేను చేయి వెనక్కి తీయను. ఒకరు, రాత్రి భోజనం అయ్యాక టార్చి పట్టుకుని గుడారం దాకా తోడొచ్చే కాపలావాడు. అతన్ని అక్కడ అస్కారి అంటారు. నీటిగుర్రాలు గడ్డి మేయడానికి వచ్చే దారిలో అతను మీకంటే రెండడుగులు ముందు నడుస్తాడు. రెండోవారు, శాకాహారులున్నారని చెబితే విసుక్కోకుండా విడిగా పప్పు, అన్నం వండిపెట్టిన వంటమనిషి. మన బృందాల్లో పెద్దవాళ్లు మాంసం తగలని గరిట కావాలని అడుగుతారు, అతను మొహం మాడ్చుకోకుండా కొత్త గిన్నె పెడతాడు. వంటగది తలుపు దగ్గరికి వెళ్లి, పేరు అడిగి, షిల్లింగులు చేతిలో పెట్టి ‘అసాంటే సానా’ అంటే, అంటే చాలా కృతజ్ఞతలని, ఆ మాట అతనికి బాగా చేరుతుంది. సామాను మోసినవాళ్లకు సంచికి ఒక డాలరుకు సరిపడా షిల్లింగులు చాలు.

బక్షీసు ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

గైడుకు రోజూ కాకుండా చివరి రోజు ఒకేసారి ఇవ్వండి. మధ్యలో గైడు మారితే మాత్రం ఎవరిది వారికి ఆరోజే ఇచ్చేయాలి, తర్వాతి గైడు ద్వారా పంపిస్తానంటే లాభం లేదు. ఇంటి నుంచే మామూలు కాగితపు కవర్లు అరడజను తీసుకెళ్లి, బయలుదేరే ముందు రాత్రి గుడారంలో కూర్చుని నోట్లు సర్ది, పేర్లు రాసి పెట్టుకుంటే ఉదయం హడావుడి ఉండదు. పెళ్లి చదివింపుల కవర్లు కూడా నడుస్తాయి. మా అత్తగారు రూపాయి నాణెం అతికించిన కవర్లే తెచ్చారు, ఆ నాణెం ఎందుకని మా గైడు అడిగితే నూట పదహార్ల సంగతి అంతా చెప్పారు. అతను శ్రద్ధగా విని, కవరు తెరవకుండానే రెండు చేతులతో అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తెరవకపోవడం అక్కడి మర్యాద. ఎంత ఇచ్చారో చూసి మొహం ఎలా పెడతాడోనని కంగారు పడాల్సిన పని లేదు. బృందంగా వెళ్లినప్పుడు ఒకరు అందరి దగ్గరా వసూలు చేసి కలిపి ఇవ్వడం ఉత్తమం, అయితే ఆ వసూలు చివరి రోజు కాకుండా మొదటి రోజే జరగాలి. చివరి రోజు అందరి పర్సుల్లో ఉండేవి వంద డాలర్ల నోట్లే, చిల్లర ఎవరి దగ్గరా ఉండదు.

నలుగురున్న కుటుంబానికి మొత్తం ఎంత అవుతుంది?

ఏడు రోజులు, ఆరు రాత్రులు, సొంత బండి అనుకుందాం. గైడుకు రోజుకు 40 చొప్పున 280 డాలర్లు, లాడ్జి పెట్టెలకు రాత్రికి 20 చొప్పున 120 డాలర్లు, సామాను మోసేవాళ్లకు, దారిలో భోజనాల దగ్గర, విమానాశ్రయంలో కలిపి 30 డాలర్లు. మొత్తం 430 డాలర్లు, మన డబ్బులో నలభై వేల రూపాయలకు కాస్త అటూఇటూ. టాంజానియాలో గైడు వాటా 280 డాలర్లను షిల్లింగుల్లో ఇస్తే పదివేల నోట్లు దాదాపు 70 అవుతాయి, అంత లావు కవరు కంటే ఈ ఒక్క మొత్తాన్ని శుభ్రమైన డాలర్లలో ఇవ్వడమే అతనికీ వీలు.

గైడు సరిగ్గా చూపించకపోతే తగ్గించవచ్చా?

ఏది సరిగ్గా లేదన్నదాన్ని బట్టి ఉంటుంది. చిరుతపులి కనిపించలేదని తగ్గించడం అన్యాయం, అది అతని పెరట్లో కట్టేసిన ఆవు కాదు. ఆలస్యంగా రావడం, బండి నడుపుతూ ఫోనులో మాట్లాడటం, మీరు అడిగినదానికి విసుక్కోవడం లాంటివైతే తగ్గించవచ్చు, ఆ సంగతి సంస్థకు కూడా చెప్పాలి. కాకపోతే వెళ్లాక రాసే ఫిర్యాదు కంటే రెండోరోజే మెల్లగా చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

కాస్త ఎక్కువ ఇస్తే సింహం దగ్గరికి తీసుకెళ్తాడా?

దయచేసి ఆ మాట అనకండి. పార్కుల్లో చాలా చోట్ల దారి దిగి గడ్డిలోకి బండి తిప్పడం నిషేధం, రేంజర్ల కంట పడితే జరిమానా పడుతుంది. నోటు ఊపి తొందరపెట్టేది మీరు, ఇబ్బంది పడేది అతను. జులై తర్వాత మారా నదిని వైల్డ్‌బీస్ట్ అనే జింకజాతి జంతువుల మందలు దాటే చోట వరసగా నిలిచిన బండ్లలో ఇదంతా కళ్లారా చూశాను. ఒక బండిలోవాళ్లు వెనకనుంచి గైడు భుజం తడుతూ ముందుకు, ముందుకు అంటుంటే, అతను ఒడ్డు దాకా వెళ్లాడు. నీళ్ల అంచు దాకా వచ్చిన మంద బెదిరి వెనక్కి తిరిగింది. మూడు గంటలుగా ఎండలో కాచుకున్న మిగతా బండ్లన్నీ ఊరికే వెనుదిరిగాయి. దూరం పాటించి, ఇంజను ఆపి, మిమ్మల్ని ఓపికగా కూర్చోబెట్టిన గైడుకే ఎక్కువ ఇవ్వండి.

ఎవరైనా ‘చాయ్’ కోసం డబ్బు అడిగితే?

అక్కడ చాయ్ అంటే టీయే, కానీ అధికారం ఉన్నవాడు చాయ్ కోసం అడిగాడంటే దాని అర్థం మన ‘చేయి తడపడమే’. రోడ్డు మీద పోలీసులు ఆపితే మాట్లాడటం డ్రైవరు పని. మీరు పర్సు తీయకండి.

మాసాయి గ్రామంలో, దుకాణాల్లో ఎలా నడుచుకోవాలి?

గ్రామ సందర్శనకు మనిషికో బండికో రుసుము ఉంటుంది. అది ఎంతో, అందులో నాట్యం, ఇళ్లు చూపించడం, ఫోటోలు కలిసి ఉన్నాయో లేదో లోపలికి అడుగుపెట్టక ముందే గైడు సమక్షంలో మాట్లాడుకోండి. చివర్లో పూసల వస్తువులు పరిచిన చోట బేరం ఆడవచ్చు, సుల్తాన్ బజారులో ఆడినంత ధైర్యంగానే ఆడవచ్చు, కానీ ఆడవాళ్లు చేత్తో గుచ్చిన దండ దగ్గర చివరి యాభై షిల్లింగుల కోసం పట్టుపట్టడం నాకు నచ్చదు. దారి పక్కన చేయి చాపే పిల్లలకు డబ్బు, చాక్లెట్లు ఇవ్వకండి, బడి మానేసి రోడ్డు మీద నిలబడటం అలవాటవుతుంది.

నగదును ఎలా దాచుకోవాలి?

అంతా ఒకే చోట పెట్టవద్దు. ఆరోజుకు కావలసిన షిల్లింగులు జేబులో, డాలర్లు, పాస్‌పోర్టు గుడారంలోని లాకరులో, లాకరు లేకపోతే నడుముకు కట్టుకునే గుడ్డ పర్సులో. మన పెద్దవాళ్లు రొంటిన దోపుకునే పద్ధతికి ఇది కొత్త రూపమే. నోట్లను పాలిథిన్ సంచిలో చుట్టే అలవాటు మాత్రం ఇంట్లోనే వదిలేయండి, కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి పాలిథిన్ సంచులు నిషేధం.

మిగిలిపోయిన డబ్బు ఏం చేయాలి?

షిల్లింగులను విమానం ఎక్కేముందే అక్కడే మార్చేసుకోండి, ఇక్కడ వాటిని తీసుకునేవాళ్లు దొరకరు. మిగిలిన డాలర్లలో 2,000 వరకు మళ్లీ ప్రయాణానికి దాచుకోవచ్చు, అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లోగా మారకందారుకు అప్పగించాలి. అప్పగించేటప్పుడు ఆ గుమాస్తా చేతిలో పెన్ను ఉంటే, నోట్లు లెక్కపెట్టేదాకా పక్కన పెట్టమని మర్యాదగా అడగండి. వాటిని తర్వాత కొనుక్కునేది మరో ప్రయాణికుడే.